ఏప్రిల్ 15లోగా ఒక గది

ఫిషింగ్ హార్బర్,
విశాఖపట్నం.

చిరంజీవి బాబుకి, బాబాయి ఆశీస్సులు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్ల వేట ఆగిపోతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం పెట్టిన కట్టడి అది. సముద్రం మీద బతికేవాళ్లకు ముందుముందు మేలు చేసేదే. బోట్లన్నీ జెట్టీల వెంట బారులు తీరతాయి. వలలు ఒడ్డుకెక్కుతాయి, ఇంజన్లు విప్పుతారు, చెక్క మరమ్మతులు మొదలవుతాయి. ఊరున్న కలాసీ ఊరెళ్తాడు. శ్రీకాకుళం వాళ్లు శ్రీకాకుళానికి, ఒడిశా వాళ్లు ఒడిశాకు సంచులు సర్దుకుంటారు. ఊరంటూ లేని కుర్రాడి సంగతి మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు. రాత్రయితే వాడు ఒళ్లు వాల్చే చోటు ఆ బోటే. ఈ ఉత్తరం ఆ కుర్రాడి గురించి. అంటే నీ గురించీ, నీలాంటి వాళ్ల గురించీ.

హార్బర్‌లో పనికి కొదవ లేదు. వేట ముగించుకుని బోటు ఒడ్డుకు తగిలిందంటే కోనాం, చందువ, ట్యూనా, రొయ్య దేనికది తట్టల్లోకి దిగుతాయి. వేలం పాడేవాళ్ల గొంతులు లేస్తాయి. పక్కనే ఇంకో బోటు మళ్లీ వేటకు సిద్ధమవుతూ ఐసు, డీజిలు, మంచినీళ్లు, బియ్యం ఎక్కించుకుంటూ ఉంటుంది. చురుకైన కుర్రాడు కంటబడితే బోటు నడిపే సరంగు పిలిచి పని చెబుతాడు. ముందు తట్టలు మోస్తాడు, తర్వాత వలలు సర్దుతాడు, ఆపైన జట్టులో ఒకడై రోజుల తరబడి సముద్రం మీదికి వెళ్తాడు. తిండి బోటులోనే, పడక బోటులోనే. అద్దె లేదు, అడ్వాన్సు లేదు, ‘మీ వాళ్లెవరు’ అని అడిగే ఇంటి యజమాని లేడు. పద్దెనిమిదేళ్లు నిండి పిల్లల హోం గేటు దాటి వచ్చిన కుర్రాడికి ఇంతకంటే ఏం కావాలి అనిపించడం సహజం.

చిక్కంతా అక్కడే ఉంది. వాడి పనీ, వాడి గూడూ ఒకే తాడుకు కట్టి ఉన్నాయి. సరంగుతో మాట తేడా వచ్చినా, చేతికి దెబ్బ తగిలినా, జ్వరమొచ్చి ఒక వేటకు వెళ్లలేకపోయినా, వేట నిషేధం మొదలైనా ఆ తాడు తెగుతుంది. ఆ రోజు కూలితో పాటే ఆ రాత్రి పడకా పోతుంది.

2023 నవంబర్ 19 రాత్రి ఈ హార్బర్‌లో జరిగింది అందరికీ తెలిసిందే. ఒక బోటుకు అంటుకున్న మంట పక్క బోట్లకు పాకింది. డీజిలు ట్యాంకులు, వంట గ్యాస్ సిలిండర్లు తోడై తెల్లారేసరికి నలభై దాకా బోట్లు మంటల పాలయ్యాయి. బోటు విలువలో 80 శాతం పరిహారంగా ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. అది న్యాయమే, ఒక్కో బోటు వెనక ఎన్నో కుటుంబాలు ఉన్నాయి. కానీ బోటు మూలన ప్లాస్టిక్ కవర్లో దాచుకున్న పదో తరగతి మెమోకు, ఆధార్ కార్డుకు, ఒక జత బట్టలకు వెల కట్టేదెవరు? బోటే ఇల్లయినవాడికి అవే ఆస్తి.

అందుకని బాబాయి చెప్పే మాట ఒక్కటే. పనిని, గూడును విడదీయి. పని హార్బర్‌లో ఉండనీ. గూడు మాత్రం ఇంకో చోట, నీ పేరు మీద, పని ఉన్నా లేకపోయినా కొంతకాలం పాటు ఖాయంగా ఉండేలా చూసుకో. అలాంటి చోటు దయతో దొరికేది కాదు. దానికి చట్టం ఉంది, నిబంధనలు ఉన్నాయి, డబ్బూ ఉంది. ఆ సంగతి తెలియకే చాలామంది కుర్రాళ్లు బోటులో, రైల్వే స్టేషన్లో, బస్సు కాంప్లెక్స్ బెంచీల మీద తెల్లవార్చుకుంటున్నారు.

2015లో వచ్చిన జువెనైల్ జస్టిస్ చట్టం 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉంది. అందులో 46వ సెక్షన్ సరిగ్గా నీలాంటి వాళ్ల కోసమే పెట్టారు. పిల్లల సంరక్షణ గృహంలో పెరిగి, 18 ఏళ్లు నిండి బయటికి వచ్చినవాళ్లు సమాజంలో నిలదొక్కుకోవడానికి ఆర్థిక సాయం చేయవచ్చని చెబుతుంది. దీన్నే ఆఫ్టర్ కేర్ అంటారు. 21 ఏళ్లు వచ్చేదాకా ఈ తోడ్పాటు ఉంటుంది. పరిస్థితి మరీ కష్టంగా ఉంటే మరో రెండేళ్లు, అంటే 23 దాకా, పొడిగించే వీలు 2016 నిబంధనల్లో ఉంది.

ఆ నిబంధనల్లో 25వది చదివితే, రాసినవాళ్లకు ఈ వయసు కష్టం బాగా తెలుసనిపిస్తుంది. ఆరు నుంచి ఎనిమిది మంది కలిసి తాత్కాలికంగా ఉండేందుకు ఒక ఇల్లు. పని నేర్చుకునేటప్పుడు స్టైపెండ్. పైచదువులకు స్కాలర్‌షిప్. ఉద్యోగం దొరికేదాకా ఆసరా. క్రమం తప్పకుండా మాట్లాడుతూ ఉండే కౌన్సిలర్. సొంతంగా ఏదైనా పెట్టుకుంటానంటే రుణం ఇప్పించే ఏర్పాటు. ఇంకో ముఖ్యమైన మాట కూడా ఉంది. పిల్లవాడు హోం వదలడానికి రెండు నెలల ముందే, బయటికి వెళ్లాక వాడి బతుకు ఎలా సాగాలో ప్రణాళిక రాసి బాలల సంక్షేమ సమితి ముందు పెట్టాలి. ఇంగ్లీషులో దాన్నే సీడబ్ల్యూసీ అంటారు. 2022లో వచ్చిన మిషన్ వాత్సల్య మార్గదర్శకాలు ఆఫ్టర్ కేర్ కింద నెలకు రూ.4,000 చొప్పున నిర్ణయించాయి. ఆ డబ్బు వేరే ఎవరి చేతికీ రాదు, నేరుగా ఆ కుర్రాడి బ్యాంకు ఖాతాలో పడాలి.

నీ విషయంలో ఆ ప్రణాళిక ఎవరూ రాయలేదు. పుట్టినరోజు దాటాక చేతికి ఒక సంచి ఇచ్చి పంపేశారు. అది నీ తప్పు కాదు, దాని గురించి తల దించుకోవాల్సిన పనీ లేదు. అయితే ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకో. సాయం చేసి తీరాలని ఆ సెక్షన్ ప్రభుత్వాన్ని నిర్బంధించలేదు, చేయడానికి వీలు మాత్రం కల్పించింది. అడిగినవాడి కాగితమే కదులుతుంది. అడగనివాడి పేరు ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. గేటు దాటి వచ్చేసినా నీకింకా 21 నిండలేదు, అడిగే హక్కు నీకుంది.

ఇక నగరంలో ఉన్న ఆశ్రయాల మాట. 2009 చలికాలంలో ఢిల్లీలో ఇల్లు లేనివాళ్ల తాత్కాలిక ఆశ్రయాన్ని కూల్చేశారు. ఆ వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరాక 2010లో దేశమంతటికీ వర్తించే ఆదేశాలు వచ్చాయి. నగరాల్లో ప్రతి లక్ష జనాభాకు ఒక ఆశ్రయం ఉండాలి, అది ఏడాది పొడవునా రాత్రింబవళ్లు తెరిచి ఉండాలి. తర్వాత పట్టణ జీవనోపాధుల మిషన్ దీన్ని పథకంగా మార్చింది. ఒక్కో మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు, నీళ్లు, మరుగుదొడ్డి, వంటగది, సామాన్లు దాచుకునే అర ఉండాలని మార్గదర్శకాలు రాసింది. 2011 జనాభా లెక్కల్లో మహా విశాఖ జనాభా 17 లక్షలు దాటింది. లక్షకు ఒకటి చొప్పున ఆనాటికే పదిహేడు ఆశ్రయాలు ఉండాలన్నమాట. అదే లెక్కల్లో దేశం మొత్తం మీద ఇల్లు లేనివాళ్లు 17.7 లక్షల మందికి పైగా తేలారు.

విశాఖలో నగరపాలక సంస్థ జీవీఎంసీ ఆశ్రయాలు ఉన్నాయి. వాటి నిర్వహణలో ఏయూటీడీ అనే స్వచ్ఛంద సంస్థ చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. నడివీధిలో ఉన్నవాడికి అవి ప్రాణం నిలబెట్టే చోట్లు, అందులో అనుమానం లేదు. నిషేధం మొదలైన రాత్రి నీకు మరో దారి లేకపోతే సిగ్గుపడకుండా అక్కడికే వెళ్లు. కాకపోతే అవి వృద్ధులకు, రోగులకు, కూలీలకు, మతి చలించినవాళ్లకు, అందరికీ కలిపి పెట్టినవి. పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఆ రాత్రి నిద్ర దొరుకుతుంది. ఐటీఐలో చేరి రెండేళ్లు చదువుకోవాలంటే మాత్రం రేపూ, వచ్చే నెలా, వచ్చే ఏడూ అదే గదిలో ఉంటానన్న భరోసా కావాలి. అలాంటి నడుమ మజిలీని పెద్ద చదువులు చదివినవాళ్లు ట్రాన్సిషనల్ హౌసింగ్ అంటున్నారు.

ఈ అవసరాన్ని గుర్తించినవాళ్లు ప్రపంచంలో ఇంకా ఉన్నారు. 1969 డిసెంబర్‌లో లండన్‌ సోహోలో కెన్ లీచ్ అనే పాస్టరు, సెయింట్ ఆన్స్ చర్చి నేలమాళిగలో రోడ్డున పడ్డ కుర్రాళ్ల కోసం రాత్రి పడకలు వేయించాడు. సెంటర్‌పాయింట్ అనే ఆ సంస్థ ఈనాడు పడకతో ఆగడం లేదు, చదువు, ఉద్యోగం, మానసిక ఆరోగ్యం దాకా చూస్తోంది. అమెరికాలో ఇల్లు వదిలి వచ్చిన పిల్లల కోసం ఉన్న చట్టం రెండు మెట్లు కట్టింది. 18 ఏళ్ల లోపు వాళ్లకు అత్యవసర ఆశ్రయం 21 రోజులు. 16 నుంచి 22 ఏళ్ల లోపు వాళ్లకు నడుమ మజిలీ ఇల్లు 540 రోజులు, మరీ అవసరమైతే 635 రోజులు. మొదటి మెట్టు ప్రమాదం నుంచి తప్పించడానికి, రెండోది కాళ్ల మీద నిలబెట్టడానికి. ఫ్రాన్సులో పల్లెల నుంచి పట్నం పనికొచ్చే యువకుల కోసం వెలిసిన హాస్టళ్లు గదితో పాటు ఉద్యోగ సలహా కూడా ఇస్తాయి. ఆ పద్ధతి 1990ల్లో బ్రిటన్‌కూ పాకింది.

మన దగ్గరా ఇలాంటి ఆలోచన చేసినవాళ్లు లేకపోలేదు. డాబాగార్డెన్స్‌లోని ప్రేమ సమాజం 1930 నుంచి అనాథలను, దిక్కులేని వృద్ధులను సాకుతోంది. విజయవాడ జంక్షన్‌లో రైళ్లు దిగి దారి తప్పే పిల్లల కోసం సలేషియన్ ఫాదర్లు 1989లో నవజీవన్ బాలభవన్ పెట్టారు. ప్లాట్‌ఫారం మీది పిల్లవాణ్ని చేరదీయడంతో మొదలుపెట్టి చేతికి పని నేర్పేదాకా వాళ్లు నడుస్తారు. మన భీమిలిలో ఎస్‌ఓఎస్ బాలల గ్రామం ఉంది. ఆ సంస్థ ప్రపంచమంతా అనుసరించే పద్ధతిలో, ఎదిగిన మగపిల్లలు అమ్మ దగ్గరి ఇల్లు వదిలి యూత్ హౌస్‌కు మారతారు. అక్కడ తమ వంట, తమ ఖర్చు, తమ చదువు తామే చూసుకోవడం అలవాటు చేసుకుంటారు. సొంత గదికి వెళ్లే నాటికి బియ్యం ఎన్ని రోజులొస్తాయో, కరెంటు బిల్లు ఎక్కడ కట్టాలో వాళ్లకు తెలిసి ఉంటుంది. హోం నుంచి నేరుగా జెట్టీ మీదికి వచ్చిన కుర్రాడికి ఆ మెట్టే దక్కలేదు.

గది దొరకడానికీ, దొరికింది నిలవడానికీ మూడు కావాలి. కాగితాలు, చేతిలో పని, వెనక ఒక మనిషి.

కాగితాల సంగతి ముందు. ఐసు నీళ్లకు తడిసి అంచులు అంటుకుపోయిన మెమోను సబ్బు కవర్లో చుట్టి ఇంజన్ పక్కన దాచుకునే కుర్రాళ్లు ఈ హార్బర్‌లో ఉన్నారు. నువ్వలా చేయొద్దు. డిజిలాకర్‌లో ఆధార్, పదో తరగతి మెమో పెట్టుకుంటే ఫోన్ పోయినా అవి పోవు. ఆధార్ చిరునామా మార్చుకోవడానికి ఇంటి కాగితాలే ఉండాలని లేదు. గుర్తింపు ఉన్న ఆశ్రయం నిర్వాహకుడు నిర్ణీత నమూనాలో రాసి ఇచ్చే ధ్రువపత్రం చెల్లుతుంది. ఇల్లు లేదని ఓటు పోదు. దరఖాస్తులో ఎక్కడ పడుకుంటావో రాస్తే, బూత్ లెవెల్ అధికారి రాత్రిపూట అక్కడికి వచ్చి నువ్వు నిజంగా ఉంటున్నావో లేదో చూసుకుని పేరు రాసుకోవాలని ఎన్నికల సంఘం నియమం.

కులం కాలమ్ దగ్గర హోం కుర్రాళ్లు తడబడతారు, ఏం రాయాలో తెలియక. పదేళ్లు నిండకముందే తల్లిదండ్రులను పోగొట్టుకుని, చూసుకునే దిక్కు లేక ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన ఆశ్రమంలో పెరిగినవాళ్లను మన రాష్ట్రం బీసీ-ఏ జాబితాలో చేర్చింది. ఐటీఐ సీటుకూ, ఉద్యోగానికీ అది అక్కరకొస్తుంది. నీ హోం రికార్డులో తల్లిదండ్రుల వివరం ఏమని ఉందో అడిగి తెలుసుకో.

జన్ ధన్ ఖాతా సున్నా నిల్వతో తెరవొచ్చు. ఖాతా లేకపోతే ఆఫ్టర్ కేర్ డబ్బు రాదు. అంతకంటే ముఖ్యం, వేట వాటా చేతికొచ్చిన రోజే సగం అందులో వేసే అలవాటు. నెలల వాటా రెండు రాత్రుల్లో తాగుడుకూ పేకాటకూ ధారపోసినవాళ్లను నువ్వూ చూస్తూనే ఉన్నావు. ఇంకో జాగ్రత్త, యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకునే ముందు పదిసార్లు ఆలోచించు. అడ్వాన్సు తీరేదాకా బోటు మారలేవు, కోర్సులో చేరలేవు. నిషేధ కాలంలో తిండికని తీసుకున్న అప్పు మరుసటి ఏడాది నిషేధం దాకా వెంటాడుతుంది. మత్స్యకార కుటుంబాలకు ప్రభుత్వం 2025లో నిషేధ భృతిని రూ.20,000 చేసింది కానీ, అది కుటుంబాన్ని చూసి ఇచ్చేది. ఒంటరి కుర్రాడు దాని మీద ఆశ పెట్టుకుని అప్పు చేయకూడదు.

రెండోది పని. సముద్రం ఇష్టమైతే సముద్రాన్నే చదువుకో. విశాఖలో సిఫ్‌నెట్ శాఖ ఉంది. కొచ్చి కేంద్రంగా నడిచే కేంద్ర ప్రభుత్వ సంస్థ అది. అందులో వెసెల్ నావిగేటర్, మెరైన్ ఫిట్టర్ అని రెండేళ్ల కోర్సులు రెండు నేర్పుతారు. పదో తరగతి పాసైనవాళ్లకు, లెక్కల్లో, సైన్సులో సరైన మార్కులుంటే ప్రవేశం. ఇంజన్ పాడైనప్పుడల్లా సరంగు పక్కన చేరి స్పానర్ అందించే కుర్రాడివి నువ్వు. మెరైన్ ఫిట్టర్ సర్టిఫికెట్ చేతికొస్తే కలాసీ వాటా కోసం ఎదురుచూడనక్కర్లేదు. వయసు పరిమితి ఉంటుంది కాబట్టి వచ్చే ఏడాది చూద్దామనుకోకు. సముద్రం వద్దనిపిస్తే కంచరపాలెం ప్రభుత్వ ఐటీఐ ఉంది. ఫిట్టర్లకు, వెల్డర్లకు ఈ ఉక్కు నగరంలో పని దొరక్కపోదు. ఈలోగా వేటకు వెళ్లక తప్పకపోతే మత్స్యకారుల ప్రమాద బీమాలో నీ పేరుందో లేదో మత్స్యశాఖ కార్యాలయంలో కనుక్కో. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ప్రాణం పోయినా, పూర్తి అంగవైకల్యం కలిగినా రూ.5 లక్షలు వస్తాయి.

మూడోది మనిషి. పందొమ్మిదేళ్ల వయసులో తండ్రి ఉన్న కుర్రాడు గది అద్దెకు తీసుకుంటే హామీ తండ్రే. జ్వరమొస్తే కేజీహెచ్ ఆసుపత్రి ఓపీ క్యూలో నిలబడేది తల్లి. నీకు ఆ ఇద్దరూ లేరు. నిబంధనల్లో కౌన్సిలర్‌ను ఊరికే రాయలేదు. ఇల్లు ఇచ్చి మనిషిని ఇవ్వకపోతే కుర్రాడు మొదటి కష్టానికే తాళం పడేసి వెళ్లిపోతాడు. కౌన్సిలర్ వచ్చినప్పుడు అంతా బాగుందని చెప్పి పంపేయకు. నిద్ర పట్టడం లేదా, కోపం ఆగడం లేదా, పక్కవాడు గంజాయి అలవాటు చేస్తున్నాడా, ఉన్నదున్నట్టు చెప్పు. అడగడం చేతగానితనం కాదు.

నీతో పాటు అదే హోంలో పెరిగిన ఆడపిల్లల గురించీ ఒక మాట. రొయ్యల షెడ్లలో, ఇళ్లలో పనికి చేరి, పనిచేసే చోటే పడుకునేవాళ్ల పరిస్థితి నీకంటే ప్రమాదకరం. నువ్వు జెట్టీ మీద పడుకోగలవు, వాళ్లు పడుకోలేరు. అందుకే అవమానాలు భరిస్తూ అక్కడే ఉండిపోతారు. వాళ్లకూ 46వ సెక్షన్ వర్తిస్తుంది. దానికి తోడు కష్టంలో ఉన్న మహిళలకు శక్తి సదన్లు, ఉద్యోగం చేసేవాళ్లకు సఖీ నివాస్ హాస్టళ్లు మిషన్ శక్తి కింద ఉన్నాయి. ఆపదలో 181కి ఫోన్ చేయొచ్చు. ఇంకా 18 నిండని తమ్ముడో చెల్లెలో హార్బర్‌లో తిరుగుతూ కనబడితే 1098కి చెప్పు. నీతో పెరిగిన ఆ ఆడపిల్లల ఫోన్ నంబర్లు తెలిసినవన్నీ ఒక కాగితం మీద రాసి తీసుకురా. నీ అర్జీతో పాటు వాళ్ల సంగతీ అధికారుల చెవిన వేద్దాం.

ఇక చేయాల్సింది. వచ్చే సోమవారం వేటకు వెళ్లొద్దు, సరంగుకు ముందే చెప్పు, కాదంటే బాబాయి మాట్లాడతాడు. ఆధార్, మెమో, హోం ఇచ్చిన విడుదల కాగితం, రెండు ఫొటోలు, ఉంటే బ్యాంకు పుస్తకం తీసుకుని పదింటికి బయల్దేరదాం. మొదట జిల్లా బాలల సంరక్షణ విభాగానికి, అక్కడి నుంచి బాలల సంక్షేమ సమితికి. అర్జీలో నాలుగు ముక్కలు చాలు: ఏ హోంలో ఏ తేదీ దాకా ఉన్నావు, ఇప్పుడు ఎక్కడ పడుకుంటున్నావు, ఏం చదవాలనుకుంటున్నావు, 46వ సెక్షన్ కింద వసతీ నెలసరి సాయమూ కావాలి. నీ చేత్తోనే రాయి, రెండు కాపీలు. ఒకటి ఇచ్చి రెండోదాని మీద ముట్టినట్టు ముద్ర, తేదీ వేయించుకో. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే ఆ కాపీ పట్టుకుని కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌కు వెళ్దాం. పని ఒక్కరోజులో తెమలదు, తిరగాలి. మధ్యాహ్నం అయితే అన్న క్యాంటీన్‌లో ఐదు రూపాయల భోజనం చేసి మళ్లీ వరసలో నిలబడదాం.

ఇట్లు,
నీ మేలు కోరే
బాబాయి